అందరి ఛాతీ ముప్పై నాలుగు

మెయిన్ రోడ్డు మీద మగవాళ్ళ బట్టలు కుట్టే షాపు. ఉదయం పదిన్నర. కౌంటర్ మీద కొత్త కంప్యూటర్. దాని ముందు రిపేర్లు చేసే బావమరిది, వెనకాల టైలరు.

"కొత్తది కొంటే సుఖపడతానన్నావు. స్విచ్ ఎక్కడుందో వెతకడానికే గంట పట్టింది. దొంగసొమ్ము దాచినట్టు వెనకాల దాచారు."

"స్విచ్ సంగతి సరే బావా. నీ కొలతల ప్రోగ్రాం దీంట్లో నడవదు."

"ఎందుకు నడవదు? పాతదాంట్లో ఇరవై రెండేళ్ళు నడిచిందిగా."

"ఆ పాతది నిన్న పొగొచ్చి పోయిందిగా. ఈ కాలం కంప్యూటర్లకి నీ ప్రోగ్రాం అంతు పట్టదు. దాన్ని తయారుచేసిన కంపెనీ కూడా ఎప్పుడో మూసేశారు."

"అవన్నీ నాకెందుకు? పదకొండింటికి డాక్టరు గారొస్తారు. రేపు వాళ్ళ డాక్టర్ల సభ. కోటు ఇవాళే కొయ్యాలి. ఆయన కొలతలు దాంట్లో ఉన్నాయి."

"మెడలో టేపుందిగా. కొలువు."

"బయట బోర్డు చదివావా?"

"'కంప్యూటర్ కొలతలు. ఒక్కసారి కొలిస్తే జీవితాంతం కుదురు.'"

"అది రాసి పెట్టి, రెండోసారి టేపు తీస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను? కొత్తవాళ్ళని ఒక్కసారి కొలిచి దాంట్లోకి ఎక్కిస్తా. ఆ తర్వాత ఇది మెడలో ఉండేది టైలరునని తెలియడానికి."

"సరే, ఉండు. పాతదాని డిస్కు ఊడదీసి తెచ్చాను. కొత్తదాని చేత పాత కంప్యూటర్ వేషం వేయిస్తా... ఇదిగో. పేర్లొచ్చాయి. నాలుగు వేల పైనే ఉన్నాయి."

"హమ్మయ్య. చల్లగా ఉండరా. మీ అక్క నిన్ను దద్దమ్మ అన్నప్పుడు నేనెప్పుడూ ఒప్పుకోలేదు. తలూపానంతే."

"డాక్టరు గారివి... ఛాతీ ముప్పై నాలుగు, నడుం ఇరవై ఎనిమిది."

"ఆయనకా? ఏమో, అప్పట్లో సన్నగా ఉండేవారేమో. రాసుకో."

"బావా, పోస్టుమాస్టరుకీ ముప్పై నాలుగు, ఇరవై ఎనిమిదే."

"ఆయనా... సన్నమే అనుకో, కాస్త దూరం నుంచి చూస్తే."

"బస్సు డిపో మేనేజరు. ముప్పై నాలుగు."

"ఆయన మన తలుపులోంచి పక్కకి తిరిగి కదరా వస్తాడు."

"మీ నాన్న ముప్పై నాలుగు. నువ్వు ముప్పై నాలుగు. నాలుగు వేల మందికీ ముప్పై నాలుగే బావా."

"అయితే డిస్కు చెడిపోయింది."

"చెడలేదు. నువ్వు వాడింది ఉచితంగా ఇచ్చే నమూనా. ముప్పై రోజులే పనిచేస్తుంది. ఆ తర్వాత పేరు తీసుకుంటుంది గానీ కొలతలు తీసుకోదు. మొదటివాడి కొలతలే అందరికీ అంటిస్తుంది. తెరవగానే ఆ మాటే చెబుతోంది, చూడు."

"అది ఇంగ్లీషులో ఉందిగా. నేను ఎంటర్ నొక్కేవాణ్ణి."

"ఇరవై రెండేళ్ళూ?"

"రోజూ. షట్టర్ ఎత్తగానే మొదటి పని అదే. ఇంతకీ ఆ మొదటివాడెవడు?"

"వైరు వదులుగా ఉన్నట్టుంది..."

"ఎవడురా?"

"నేనే. అది పెట్టిన రోజు ఎక్కించి చూద్దామని నన్నే కొలిచావు. అప్పుడు హాస్టల్ తిండి బావా, గాలేస్తే ఎగిరిపోయేవాణ్ణి."

"అంటే ఊళ్ళో మగాళ్ళందరికీ నీ చొక్కాలు కుట్టానా?"

"కుట్టావు. ఇప్పుడు నాకే పట్టవు. అయినా ప్రతిసారీ అదే అంకె వస్తుంటే నీకు అనుమానం రాలేదా?"

"అది అచ్చేసే కొలతల చీటీ నేను చూస్తేగా. మడిచి కటింగ్ మాస్టరుకి ఇచ్చేస్తాను."

"ఆయనకైనా?"

"ఆయన ఒకే అట్ట పెట్టి అందరివీ కోసేస్తున్నాడు. చేతి వేగం చూసి ముచ్చటేసి గోడగడియారం బహుమతిచ్చాను."

"బిగుతైందని ఎవరూ గొడవ పెట్టుకోలేదా?"

"పెట్టుకోకేం. 'కంప్యూటర్ అబద్ధమాడుతుందా సార్, మీరే ఒళ్ళు చేశారు' అనేవాణ్ణి."

"కొలిచిన వారానికేనా?"

"వారానికే. వాళ్ళే తలదించుకునేవాళ్ళు. లోపల రెండంగుళాల గుడ్డ వదిలి ఉంచుతాగా, బతిమాలితే విప్పి ఇచ్చేవాణ్ణి. చేతులు పొట్టిగా ఉన్నాయంటే ఇప్పుడదే ఫ్యాషన్ అనేవాణ్ణి. వాళ్ళ సంగతి పక్కన పెట్టరా, నా చొక్కా నాకే పట్టక ఆరేళ్ళ నుంచి రాత్రి భోజనం మానేశాను."

"అక్క ఏమీ అనలేదా?"

"'కంప్యూటర్ ఒప్పుకోవట్లేదే' అన్నాను. మీ అక్క కూడా నమ్మింది. నా మాట కాదుగా, కంప్యూటర్ మాట."

"ఒకటి అర్థం కావట్లేదు బావా. ఇంత బిగుతు చొక్కాలు కుడితే జనం పారిపోవాలి. నెలనెలా కొత్తవాళ్ళెందుకొస్తున్నారు?"

"నా హస్తవాసి అనుకున్నాను. నవ్వకురా. ఇది బయటపడితే షాపు మూసుకుని మీ ఇంటికి రావడమే. మీ అక్కతో సహా."

"అమ్మో. అయితే చెప్పకు. డాక్టరుకి ఏదో ఒక అంకె వేసి కోసెయ్."

"రేపు సభ మధ్యలో ఆయన చెయ్యెత్తినప్పుడు చంకలో పిగిలితే? లేదురా, చెప్పేస్తాను. డాక్టరేగా, గుండె ఆగినా ఆయనే చూసుకుంటాడు."

"ఆయన గుండెని ఆయనే ఎలా చూసుకుంటాడు?"

"ఆయనది కాదు. నాది."

పదకొండింటికి డాక్టరు వచ్చాడు.

"ఏం మాస్టారూ, కంప్యూటర్ మార్చేశారా? పాతదేది?"

"పోయిందండీ."

"పోయిందా? మరి కొలతలు?"

"కూర్చోండి డాక్టరు గారూ. మంచినీళ్ళు కావాలా? ఆ కొలతలు... అసలు లేవండీ. ఎప్పుడూ లేవు. ఇరవై రెండేళ్ళుగా ఊరందరికీ వీడి కొలతలతోనే కుట్టాను. వీడు మా బావమరిది. లావుగా ఉన్నాడని చూడకండి, అప్పుడు సన్నగా ఉండేవాడు."

"నమస్కారమండీ."

"ఆ సంగతి నాకు తెలుసు."

"వీడు సన్నగా ఉండేవాడనా?"

"కొలతల సంగతి. ఎనిమిదేళ్ళ కిందట ఇస్త్రీ చేసేవాడు మా చొక్కాలన్నీ కలిపేశాడు. మా నాన్నగారిదీ నాదీ మా కాంపౌండర్‌దీ మంచం మీద పరిచి చూస్తే మూడూ ఒకే చొక్కా."

"మరి నాకు చెప్పలేదేమండీ?"

"ఎందుకు చెబుతాను? ఒళ్ళు తగ్గండయ్యా అని పదేళ్ళు మొత్తుకున్నాను. నవ్వి వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడు మందు రాసే ముందు, మీ దగ్గర ఒక చొక్కా కుట్టించుకోమంటాను. నెల తిరక్కుండా పార్కులో పరిగెడుతున్నారు."

"అంటే ఆ కొత్తవాళ్ళంతా నా హస్తవాసి చూసి..."

"నా చీటీ పట్టుకుని వచ్చినవాళ్ళే."

"బావా, నాకు అర్థమైంది ఇప్పుడు."

"నువ్వు నోర్మూసుకోరా. డాక్టరు గారూ, ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? కొత్త ప్రోగ్రాం పెడితే ఎవరి కొలత వాళ్ళకే వస్తుందట. అప్పుడు అందరికీ నిజం తెలిసిపోతుంది. వీడు దీని చేత పాత కంప్యూటర్ వేషం వేయించాడు. అలా పాతదే ఉంచితే జనాన్ని మోసం చేసినవాణ్ణవుతాను. నాకు బుర్ర పనిచెయ్యట్లేదు. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక దారి చెప్పండి."

"పాతదే ఉంచండి. మీ బావమరిది వేషం వేయించాడుగా, అలాగే కానివ్వండి. రేపు సభలో నేను మాట్లాడేదే దాని గురించి. మందు లేకుండా ఊరి బరువు తగ్గించడం ఎలా అని."

"సరేనండీ, మీరు చెప్పాక ఇంకేముంది. మరి మీ కోటు? ముప్పై నాలుగుకే కొయ్యమంటారా?"

"ముందు ఆ తలుపు వేసి రండి. నన్ను టేపుతో కొలవండి."