ఏడ్చే గచ్చు

కాదు ఫాదర్‌గారూ, అది కన్నీళ్ళు కాదు, చెమ్మ! ఎన్నిసార్లు చెప్పమంటారు? మీరన్నా నా మాట వినండి, ఈ ఊళ్ళో వినేవాడు లేడు.

అసలేం జరిగిందో చెప్తాను. కుట్టుమిషన్లు పెట్టి ఆడపిల్లలకి టైలరింగ్ నేర్పుదామనే కదా నేనీ గది కట్టించింది! గచ్చు చేయించాను. దానికి ఎర్రరంగు వేయిద్దామని హనుమాన్ జంక్షన్ నుంచి పెయింటర్ బసవపున్నారావుని పిలిపించాను.

ఆయనేమన్నాడు? "తొందరపడకండమ్మా, కొత్త గచ్చులో చెమ్మ ఉంటది. అది పూర్తిగా ఆరాలి. ఆరాక శుభ్రంగా కడిగి, మళ్ళీ ఆరనిచ్చి, ముందు ప్రైమర్ కొట్టి సందులు మూయాలి. అప్పుడే రంగు. లేకపోతే పొరలు పొరలుగా లేచిపోద్ది" అన్నాడు.

అని, యూరియా సంచి లోపలుండే ప్లాస్టిక్ కాయితం గచ్చు మీద పరిచి, చుట్టూ టేపు అంటించి వెళ్ళాడు. తెల్లారి చూస్తే కాయితం అడుగున నీటిచుక్కలు. అంటే ఇంకా ఆరలేదన్నమాట. అంతే ఫాదర్! ఇంకేం లేదు!

ఊడ్వటానికొచ్చిన మా అత్త ఇన్నమ్మ చూసింది. చీపురక్కడే పడేసి, "మరియమ్మ తల్లి ఏడుస్తోందర్రో!" అని వీధిలోకి పరుగు. ఆ చుక్కల్లో ఆవిడకి ముసుగేసుకున్న తల్లి కనపడిందంట. నాకు ప్లాస్టిక్ ముడతలు కనపడ్డాయి.

ఇంకేముంది! మామిడి తోటల్లో కాయ కోసేవాళ్ళొచ్చారు, ఉంగుటూరు నుంచొచ్చారు, చింతలపూడి నుంచొచ్చారు. పంచాయతీ టీవీ ముందు కూడా ఇంతమంది కూర్చోరండీ. బస్సు కండక్టరేమో "ఏడ్చే గచ్చు, ఏడ్చే గచ్చు" అని కేకేసి దింపుతున్నాడు. గుమ్మం ముందు గోళీసోడా బండి వెలిసింది. గచ్చంతా కొవ్వొత్తుల మైనం, మొక్కుకి తెచ్చిన రసాల సొన. ఈ జిడ్డు మీద ఏ రంగు నిలుస్తుంది చెప్పండి?

ఇంకో ఘోరం వినండి. మా మరిది బాలశౌరి లేడూ? విజిలొకటి పట్టుకుని లైను నిలబెడుతున్నాడు. ఎండలు ముదిరి నిన్న చుక్కలు తగ్గాయి. హమ్మయ్య, ఆరుతోందనుకున్నాను. చూద్దును కదా, ఈయనగారు కాయితం ఎత్తి చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు, వరిమడికి పెట్టినట్టు! ఇదేంటయ్యా అంటే, "అంత దూరం నుంచొచ్చినోళ్ళని ఉత్తినే పంపుతామా వదినా?" అంటాడు.

నవ్వొస్తోందా మీకు? నాకు ఒళ్ళు మండిపోతోంది. మిషన్లు వసారాలో గోనెపట్టాల కింద ఉన్నాయి. వానలు మొదలైతే తుప్పు పట్టిపోతాయి. నేర్చుకుంటామన్న పిల్లలు చూసి చూసి మళ్ళీ తోటల్లో బుట్టలు మోయటానికి పోయారు. వాళ్ళ గురించి అడిగినవాళ్ళున్నారా? పైగా చెమ్మ అన్నందుకు నాకు విశ్వాసం లేదంట! నాకు! ఏ ఆదివారమూ పూజ మానని ఈ మగ్దలేనమ్మకి!

అందుకే మీకు కబురు పెట్టాను. "ఇది ఉత్త చెమ్మ, ఇళ్ళకి పొండి" అని ఒక్క మాట అనండి చాలు. మీరంటే ఎవరూ నోరెత్తరు.

ఏంటి ఫాదర్, ఏమంటున్నారు?

మొన్నాదివారం గుడి నిండిపోయిందా? బయట కూడా నిలబడ్డారా? ఓహో. పైకప్పు రేకులకి చందాలు కూడానా... ఓహో.

అయ్యో, చెప్పులు విప్పుతున్నారేంటి?

సరేలెండి. అటు కాదు, అక్కడ మైనం జారుద్ది. ఇటు రండి. ఈ గదిలో నిజంగా ఏడుస్తున్నది నేను ఫాదర్. మోకాళ్ళూనే ముందు ఒక్కసారి ఇటు చూడండి.