నిరుటి జావ

నార్వేలో ఒక లోయ ఊరు. ఓల్సోక్ పండగ, ఆదివారం మధ్యాహ్నం. రాగ్న వంటింట్లో ఆమె ఆడపడుచు ఆల్‌ఫ్రిడ్. ఊరి మహిళా సంఘానికి ఆల్‌ఫ్రిడ్ అధ్యక్షురాలు.

"...కూర్చోవడానికి రాలేదు రాగ్నా. ఇలా పోతూ పోతూ, మీ పెరట్లో రాస్ప్‌బెర్రీలు ఎలా కాశాయో చూద్దామని."

"పెరడు అటుంది వదినా. మీరు వంటింట్లోకొచ్చారు."

"మీరేంటే, కొత్తగా?"

"అధ్యక్షురాలు కదా. నిరుడు సంఘంలోంచి గెంటేసినప్పటి నుంచీ మర్యాద నేర్చుకున్నాను."

"గెంటేశామంటావేం? సభ్యత్వం నిలిపివేశాం. తీర్మానంలో ఉన్న మాట అదే."

"నిలిపివేశారు. కాఫీ తాగుతారా?"

"వద్దు. సరే, సగం కప్పు పొయ్యి. ఇవాళ ఎండ బాగా కాసింది."

"బాగా కాసింది. సాయంత్రం ఆరింటికి సంఘం హాల్లో తొంభై మందికి మీగడ జావ పెట్టాలి. ఈ వేళప్పుడు మీరక్కడ గరిట పట్టుకుని ఉండాలిగా?"

"పిల్లలు చూసుకుంటున్నారు."

"పిల్లలా? ఎవరు?"

"కారీ వాళ్లు."

"కారీకి డెబ్బై దాటాయి."

"నాకంటే చిన్నదేగా! అది కాదు, నీతో ఒక మాట. నా కోసం కాదు. తెలిసినావిడ ఒకామె ఉంది. వాళ్లింట్లో పుల్లమీగడ అయిపోయిందట. ఆదివారమాయె, కొట్లు మూసేశారు. దాని బదులు ఏం వెయ్యొచ్చో నువ్వైతే చెప్తావని."

"నేనే ఎందుకు చెప్తాను?"

"నీకు... అనుభవం ఉంది కదా."

"ఓహో. సరే. ఏం చేస్తుందట ఆవిడ? కేకైతే పెరుగు వేసి, చిటికెడు వంటసోడా కలపమనండి. అది అందరం చేసేదే."

"కేకు కాదు."

"బంగాళాదుంపల మీదకా? పెరుగు గుడ్డలో మూటగట్టి కాసేపు వేలాడదీస్తే సరిపోతుంది."

"దుంపల మీదకీ కాదు. ఉడికించేదట."

"చేపల సాసా? అయితే దింపాక కలపాలి. పొయ్యి మీదుండగా పోస్తే విరిగిపోతుంది."

"సాస్ కంటే చిక్కగా ఉంటుంది."

"ఎంత చిక్కగా?"

"గరిట నిలబడేంత."

"పైన ఏం చల్లుకుంటారు?"

"...పంచదార."

"దాల్చినచెక్క పొడి?"

"ఇష్టమున్నవాళ్లు చల్లుకుంటారు."

"పక్కన ఎండుమాంసం పెడతారా?"

"రాగ్నా, వేళాకోళం వద్దు."

"మీ తెలిసినావిడ వండేది తొంభై మందికేనా?"

"మా తమ్ముడు నిన్నెలా భరిస్తున్నాడో దేవుడికే తెలియాలి!"

"నోట్లో జావ ఉంటే మగాడు ఏమైనా భరిస్తాడు. ఏం జరిగిందో చెప్పండి."

"ఆర్న్‌ఫిన్."

"కోశాధికారి ఆర్న్‌ఫినా? ఏం చేశాడు?"

"కొవ్వు తగ్గించమని డాక్టరు వాడికి చెప్పాడట. వాడు ఊరందరికీ తగ్గించాడు. తెప్పించిన మీగడంతా కొవ్వు తీసేసిన రకం!"

"డబ్బాల మీద రాసుంటుందిగా."

"కారీ కళ్లజోడు ఇంట్లో మర్చిపోయింది. నేను చదివేలోపు అన్నీ గుండిగలో పోసేసింది. మూతపెట్టి మరిగించాం. వెన్న తేలాలి కదా? మూత తీశాం, ఒక్క చుక్క లేదు. పిండి చల్లి ఇంకాస్త మరిగించాం. కారీ ప్రార్థన కూడా చేసింది."

"తేలిందా?"

"అడుగంటింది."

"అయ్యో."

"నవ్వకు."

"నేనెక్కడ నవ్వాను? ఇళ్లల్లో అడక్కపోయారా?"

"అడిగాం. శుక్రవారం టాకో రొట్టెల్లోకి కొనుక్కున్నది తలా ఒక గరిటెడు మిగిలింది. అదీ పల్చటి రకమే. ఈ ఊళ్లో చిక్కటి మీగడ ఒక్కరింట్లో లేదు రాగ్నా. బయట అనకు."

"ఈసారికి జావ మానెయ్యండి. సాసేజీలు కాల్చి పెట్టండి."

"సాసేజీలా! పక్క ఊరివాళ్ల ముందు! వాళ్లు జావలో వెన్న పైనుంచి పోస్తారని పేపర్లో రాసిందెవరు?"

"మీరే."

"నేనే! 'వెన్న లోపల్నుంచి తేలాలి గాని పైనుంచి పడకూడదు' అని. ఆ ముక్క కత్తిరించి వాళ్ల హాల్లో గోడకి అంటించుకున్నారు. ఏడాదంతా దాన్ని చూస్తూ పళ్లు నూరుకున్నవాళ్లు ఇవాళ బస్సు కట్టించుకుని వస్తున్నారు. వాళ్ల ముందు సాసేజి పెట్టి నేనింక ఈ లోయలో తలెత్తుకు తిరగ్గలనా? అధ్యక్షురాలిగా ఉండగలనా?"

"అందుకని నా దగ్గరకొచ్చారు."

"ఎవరి దగ్గరికి పోను? పెరుగుతో జావ కాయడం మా ఇంటా వంటా లేదు. నువ్వు చేశావు. నిరుడు తొంభై మందీ తిన్నారు. పాస్టరు గారు మారు వడ్డించుకున్నారు. హాల్లో నీ బల్ల మీద పెరుగు డబ్బా నా కంటపడేదాకా ఒక్కరికీ తెలీలేదు."

"కంటపడ్డాక తెలిసిపోయింది."

"తెలియదూ మరి! కారీకి రాత్రంతా కడుపునొప్పి. పాస్టరు గారు కూడా నోరు అదోలా ఉందన్నారు. నాకైతే మొదటి చెంచాకే అనుమానం."

"మూడు గిన్నెలు తిన్నారు మీరు."

"అనుమానం తీరాలి కదా!"

"ఆ తర్వాత మీటింగులో నేనేదో చెప్పబోయాను. గుర్తుందా?"

"అజెండాలో లేదు."

"అప్పుడూ ఇదే అన్నారు. అని, చేతులెత్తమన్నారు."

"పద్ధతంటే పద్ధతే. పోయినేటి సంగతి ఇప్పుడెందుకే? టైము చూడు. ఎలా కాచావో చెప్పు, చాలు."

"చెప్తే?"

"చెప్తే... నీ సభ్యత్వం సంగతి చూస్తాం."

"ఏం చూడక్కర్లేదు. ఆరింటికి, జావ వడ్డించేముందు, మీరు లేచి ఒక్క మాట చెప్పాలి. 'నిరుడు రాగ్న జావలో పెరుగు లేదు. పొరబడ్డది మేమే' అని."

"అబద్ధమా! పాస్టరు గారి ముందు నన్ను అబద్ధమాడమంటావా?"

"ఆయన ముందు పెరుగు జావ పెట్టి మీగడ జావంటారుగా?"

"నేనేం అనను. ఊరికే పెడతాను. వాళ్లు ఏమనుకుంటే అది. మాట్లాడకపోవడం పాపం కాదు."

"నేను మాట్లాడకపోతే పాపమైంది."

"నీది వేరు. నువ్వు ఎవరికీ చెప్పకుండా చేశావు."

"మీరు చెప్పి చేస్తారా?"

"చెప్తే ఎవరు తింటారు?... ఇంకోలా అందామా? 'వేసవి జావ' అని? 'సంఘం వారి కొత్త ప్రయోగం' అని?"

"కాఫీ తాగండి, చల్లారిపోతోంది."

"ఆగు, ఆలోచించనీ. నిరుడు నువ్వు పెరుగు వెయ్యలేదని నేనే నిలబడి చెప్పాననుకో. ఇంక ఈ ఊళ్లో పెరుగు మాటే ఉండదు. పెరుగు మాట లేకపోతే ఇవాళ్టి జావ మీద ఎవరికీ అనుమానం రాదు."

"నాకా ఆలోచన రాలేదు వదినా."

"అందుకే నేను అధ్యక్షురాల్ని. సరే, చెప్తాను. సంఘం కోసం ఒక అబద్ధం. దేవుడు చూసుకుంటాడు."

"మాటేనా?"

"మాటే! మా అమ్మ మీద ఒట్టు. ముందు పొయ్యి మీద గిన్నె పెట్టు."

"చిన్న గిన్నెతో కాచి చూద్దాం. ఆ వెన్న ఇలా ఇవ్వండి."

"అంతా?"

"పెరుగులో లేని కొవ్వు ఎక్కడి నుంచో రావాలిగా. కరిగింది. అందులో పిండి పోస్తున్నా, తిప్పండి. ఉండకట్టనివ్వకండి. ఇప్పుడు పాలు. ఆగకండి, తిప్పండి."

"తిప్పుతున్నానే తల్లీ. నువ్వేంటి గోడకేసి చూస్తావు?"

"తర్వాతదేంటో గుర్తు చేసుకుంటున్నా."

"నువ్వు చేసిందే నీకు గుర్తు లేదా?"

"ఏడాదైంది కదా. ఆ, పెరుగు. గిన్నె దింపండి, పొయ్యి మీద వద్దు. కొంచెం కొంచెంగా కలపండి. ఉప్పు. ఇంకా ఏదో ఉందే... ఆ! చివర్న, కరిగించిన వెన్న. పైనుంచి."

"పైనుంచా!"

"అంచు వెంట. ఎవరూ చూడనప్పుడు."

"ప్రభువా! ఇదెవరైనా పేపర్లో రాస్తే!"

"రాసేది మీరొక్కరేగా. రుచి చూడండి."

"ఉండు, కాలుతోంది... ఊ... ఊ! అదే!"

"ఏది?"

"నిరుటిదే! అచ్చంగా నిరుటి జావే. మింగాక నాలుక చివర పెరుగు తగుల్తుంది చూడు, అదే. నా నాలుకని మోసం చెయ్యడం ఎవరి తరమూ కాదు రాగ్నా. మా అమ్మ దగ్గర్నుంచి వచ్చిన నాలుక ఇది."

"తేడా ఏం లేదా?"

"ఆవగింజంత లేదు. బైబిలు తీసుకురా, చెయ్యేసి చెప్తాను."

"వద్దులెండి. మీ మాట చాలు."

"ఫోనేదీ... హలో, కారీ? నేనే. ఏడుపు ఆపు. ఇంటింటికీ పోయి పెరుగు పోగుచెయ్యి. అవును, పెరుగే! ఎందుకా? తలంటుకోవడానికి! మీ ఇంట్లో ఎంతుంది?... ఆరు డబ్బాలా? నీకు పెరుగు పడదన్నావుగా?... సరే సరే, మీ ఆయన తింటాడు, ఒప్పుకున్నాం. వెనక తలుపులోంచి తీసుకురా. ఖాళీ అయిన డబ్బాలు సంచీలో కట్టి మీ కారులో పడెయ్యి. ఒక్కటి కూడా బల్ల మీద వదలకు. బల్ల మీద డబ్బా కనిపిస్తే మనుషులు ఏమేమో ఊహిస్తారు!"

"నిజమే."

"ఏమన్నావు?"

"నిజమే అన్నాను. హాల్లో పిండి సరిపడా ఉందా?"

"ఎక్కడిది? అడుగంటిన దాంట్లో సగం పోయింది."

"అయితే ఆ పై అరలోంచి డబ్బా తియ్యి వదినా. పట్టుకుపోదాం."

"ఇక్కడ పెరుగు డబ్బా తప్ప ఏం లేదు... రాగ్నా, ఇది నిరుటిది! నీలం మూత! ఇంకా దాచుకున్నావా?"

"గట్టి మూత. పారెయ్యబుద్ధి కాలేదు. తీసి చూడు."

"...పిండి."

"గోధుమ పిండి. పెరుగైపోయాక ఆ డబ్బాలో పిండి పోసుకుంటాను. మీ అమ్మ నేర్పిన అలవాటే. నిరుడూ హాలుకి అందులో పిండే తెచ్చాను."

"మరి నిరుటి జావలో..."

"మీగడ. మంచి చిక్కటి మీగడ. పెరుగుతో జావ కాయడం నా జన్మలో ఇదే మొదటిసారి."

"మరి ఇదంతా నీకెలా తెలుసు? వెన్నలో పిండి, పెరుగు, పైనుంచి వెన్న..."

"నిరుడు మీటింగులో నువ్వే చెప్పావుగా, నేను మిమ్మల్నందరినీ ఎలా మోసం చేశానో. నేనైతే శ్రద్ధగా విన్నాను. నువ్వే మర్చిపోయినట్టున్నావు."

"రాగ్నా... పాస్టరు గారి ముందు నేను చెప్పబోయేది..."

"దిగులుపడకు వదినా. ఇవాళ ఆ హాల్లో కల్తీ లేనిదంటూ ఉంటే నీ ఆ మాటొక్కటే."