ఐదో జవాబు

బడి పుస్తకాలు తయారుచేసే ఒక కంపెనీలో, ఇళ్ళ దగ్గర కూర్చుని పనిచేసేవాళ్ళ మీద అజమాయిషీ చేసే పెద్దాయన, వాళ్ళకు ప్రతి సోమవారం చిన్న సర్వే పంపే అమ్మాయికి ఫోన్ చేశాడు.

“పేరు చెప్పొద్దులే. ఆడో మగో చెప్పు, చాలు.”

“అదీ తెలీదు సార్. పేర్లు ఎవరికీ కనపడవని సర్వే పైనే రాశాం కదా. మీరే రాయించారు.”

“రాయించాన్లే. అప్పుడు తెలివైన పనే అనుకున్నాను.”

“ఇప్పుడు?”

“ఎగతాళి తర్వాత చేద్దువుగాని. ఆ ముక్కలు నీ ముందున్నాయా? ఇంకోసారి చదువు.”

“ఎందుకు సార్, మీరు చదివారుగా.”

“చదువమ్మా.”

“‘పార్సిలతను తలుపు కొట్టాడు. థాంక్స్ అందామని నోరు తెరిస్తే గొంతు పెగల్లేదు. శుక్రవారం నుంచి ఎవరితోనూ మాట్లాడలేదని అప్పుడు గుర్తొచ్చింది.’ అంతే సార్.”

“అంతే అంటావేంటి? వచ్చిన ఐదు జవాబుల్లో ఇదొక్కటే ఇలా ఉంది. ఈ వారం ఎలా ఉన్నారంటే ‘బాగోలేను’ దగ్గర టిక్కు. అవసరమైతే ఎవరినైనా సాయం అడగగలరా అంటే ‘లేదు’ దగ్గర టిక్కు. కింద ఇది.”

“ఒక్కో వారం అలా ఉంటుంది సార్. వచ్చే వారం వాళ్ళే ‘బాగున్నాను’ అని పెడతారు.”

“పుస్తకాల చివర సూచికలు చేసే అమ్మాయి విషయంలోనూ ఇలాగే అనుకున్నాం. ఎవరో వారం వారం ‘బాగోలేను’ పెడుతుంటే, సర్దుకుంటారులే అని ఊరుకున్నాం. ఒకరోజు మానేస్తున్నానని రెండు ముక్కల మెయిలు పడేసి వెళ్ళిపోయింది. ఏమైందమ్మా అని అడుగుదామంటే ఫోన్ ఎత్తలేదు. ఇంకొకర్ని అలా పోనివ్వను.”

“అయితే ఏం చేస్తారు?”

“చేసేశాను. నలుగురికీ ఫోన్ చేశాను.”

“నలుగురికీనా. సర్వే మాట ఎత్తలేదు కదా?”

“అంత తెలివితక్కువవాణ్ణా? పని ఎలా సాగుతోందని అడిగా. ప్రూఫులు చూసే ఆయనైతే, ‘నా దాంట్లో ఏం తప్పు దొరికింది’ అన్నాడు. తప్పేం లేదయ్యా, ఊరికే చేశానంటే, ‘ఊరికే ఎవరు చేస్తారండీ’ అంటాడు. నమ్మించేసరికి తాతలు దిగొచ్చారు. నమ్మాక ఇక వదల్లేదు.”

“ఆయనంతే సార్. నా మెయిల్లో ‘నమస్తే’ తర్వాత కామా లేదని దిద్ది వెనక్కి పంపారు.”

“పటాలు గీసే ఆవిడింట్లో అత్తగారు, ఆడపడుచు, కవలపిల్లలు. నిశ్శబ్దం ఎక్కడైనా అమ్మితే చెప్పండి సార్, కొనుక్కుంటాను అంది. కాబట్టి ఆవిడ కాదు. పేజీలు అమర్చే అతను పగలంతా పక్కింటివాళ్ళ కుక్కని చూసుకుంటున్నాడట. మీ అందరికంటే అదే బాగా వింటుంది అన్నాడు నాతోనే.”

“బొమ్మలు వేసే ఆయనో?”

“ముందు ఫోన్ ఎత్తలేదు. తర్వాత తనే చేశాడు. తమ్ముడింటికి మారాడట. వంట మరదలిది, అంట్లు తనవి. రాత్రిళ్ళు తమ్ముడూ తనూ చిన్నప్పటిలా కొట్టుకుంటున్నారట. గొంతులోనే తెలిసిపోయింది, హాయిగా ఉన్నాడు.”

“అయితే అందరూ బాగున్నట్టే.”

“నోటితో బాగున్నామనే అన్నారు. కానీ ఒక్కరూ వాళ్ళంతట వాళ్ళు ఫోన్ పెట్టేయలేదమ్మా. ఇక ఉంటాను అంటే, ‘ఇంకొక్క మాట సార్’ అంటారు. ఆ ఇంకొక్క మాట ఏమీ ఉండదు. వానొస్తోందా మీవైపు అని.”

“మంచిదే కదా సార్. ఎవరో ఒక ముక్క రాయబట్టి నలుగురికీ ఫోన్లొచ్చాయి. ఇక వదిలేయండి.”

“ఎలా వదిలేస్తాను? నీకు తెలీదమ్మా. మా ఆవిడ పోయిన కొత్తలో నేను రేడియోకి జవాబులు చెప్పేవాణ్ణి. వార్తలు చదివే ఆవిడ ‘నమస్కారం’ అంటే, నమస్కారమండీ అనేవాణ్ణి. నవ్వకు.”

“నవ్వట్లేదు సార్.”

“అందుకే ఎవరో తెలిస్తే... ఉండు. సూచికల అమ్మాయి మానేసింది కదా?”

“మానేసింది.”

“అంటే ఉన్నది నలుగురు.”

“సార్, ఏదో మెయిలు వచ్చింది, అర్జెంటులా ఉంది, నేను మళ్ళీ...”

“అది ఆగుతుంది. నలుగురుంటే ఐదు జవాబులు ఎలా వచ్చాయి? చెప్పమ్మాయ్.”

“ఐదుకి తక్కువైతే సర్వే తెరుచుకోదు సార్. మరీ తక్కువమంది ఉంటే ఏది ఎవరిదో పోల్చుకుంటారని కంప్యూటర్లో అలా పెట్టారు. ఆ అమ్మాయి వెళ్ళాక నలుగురూ శ్రద్ధగా రాస్తున్నారు, లోపలేముందో మాత్రం మనకు కనపడదు. ఎవరైనా ఏదైనా కష్టం చెప్పుకుని ఉంటే అలాగే మూతపడి ఉంటుంది కదా అని...”

“అని?”

“ఆ అమ్మాయికి ఇచ్చిన సర్వే లింకు ఇంకా పనిచేస్తోంది. అందులోంచి నేనే ఒకటి వేస్తున్నాను. లెక్క చెడిపోకుండా ప్రతిదానికీ ‘పర్వాలేదు’ అని.”

“ఓసి నీ... నలుగురూ బాగున్నామన్నారు, అంటే ఆ పార్సిలు ముక్క రాసిన ఐదోది నీదా? ఉత్తుత్తిదా? నలుగురిలో ఎవరూ కాదన్నమాట. హమ్మయ్య. రెండ్రోజులుగా అన్నం సయించట్లేదు తల్లీ నాకు.”

“అవును, అది నాదే. సారీ సార్.”

“పోనీలే. చేసింది తప్పే, కానీ మంచికే చేశావు. ముందే ఓ మాట చెప్పుంటే ఇంత కంగారుపడేవాణ్ణి కాదు. నువ్వంటే ఆఫీసులో పదిమంది మధ్య కూర్చుంటావు, ఇలాంటివి ఎలా కల్పించావే? ఆ పార్సిలూ, ఆ గొంతూ... నిజంగా జరిగినట్టే ఉంది.”

“మీవైపు వానొస్తోందా సార్?”

“వాన సంగతి తర్వాత. మరి ప్రతిదానికీ ‘పర్వాలేదు’ పెడతానన్నావుగా.”

“అన్ని వారాలూ అదే పెట్టాను.”

“ఈ వారం ఎందుకు పెట్టలేదు?”

“మీకు ఆలస్యమవుతోందేమో సార్.”

“నాకేం ఆలస్యం? ఇంట్లో ఎవరున్నారని. చెప్పు.”

“వేసవికి ముందే ఆఫీసులో మా అంతస్తు ఖాళీ చేసేశారు సార్. నేనూ ఇంటి నుంచే. మీరు అటు వచ్చి చాలా రోజులైంది కదా, తెలిసుండదు. కాగితాల్లో నాకింకా ఆఫీసు అనే ఉంది, అందుకని సర్వే నాకు రాదు. పంపేది నేనే. సోమవారం ఎప్పట్లాగే ఆ లింకు తెరిచాను, ‘ఈ వారం మీరు ఎలా ఉన్నారు’ అని వచ్చింది. నన్నే అడిగారనిపించింది సార్.”