ఉయ్యాల మామ్మ స్టూలు

సర్కస్‌లో ఉయ్యాలలూగిన మనిషని వీధంతా ఆవిడని ఉయ్యాల మామ్మ అంటుంది. పొద్దున బల్బు మారుస్తూ స్టూలు మీంచి పడిందని విని చూడ్డానికొచ్చిన పక్కింటామె, పలకరింపు కాగానే ఆ స్టూలు చంకన పెట్టుకుంది.

“దాన్నెక్కడికి మోసుకెళ్తున్నావ్?”

“మా ఇంటికి, మామ్మగారూ. ఇది మీ కంటపడకూడదని మీ అబ్బాయి ఫోన్ చేసి మరీ చెప్పాడు.”

“వాడికి చిన్నప్పట్నుంచీ నాలుగు మెట్లెక్కితే కళ్ళు తిరుగుతాయి. కింద పెట్టు.”

“ఈ వయసులో ఒక్క ఎముకా విరగలేదంటే మీ అదృష్టం.”

“అదృష్టమూ లేదు, నా మొహమూ లేదు! గడ్డం గుండెకానించి వీపు మీద పడ్డాను. ఉయ్యాల ముట్టుకోనిచ్చే ముందు మాకు వలలో పడడమే నేర్పారు.”

“ఇక్కడ వల లేదుగా!”

“మంచం ఉందిగా. చూసుకునే స్టూలు దాని పక్కన వేశాను.”

“సాయంత్రం మా ఆయనొచ్చి బల్బు పెడతారు. అందాకా ఆగండి.”

“ఆగకూడదమ్మాయ్. మా డేరాలో పడ్డవాళ్ళు, జనం లేచి వెళ్ళేలోపే మళ్ళీ పైకెక్కాలి. లేకపోతే భయం లోపల కాపురం పెట్టేస్తుంది. నా జోడీ ఓసారి ‘రేపు చూద్దాంలే’ అంది. ఇంక జన్మంతా గేటు దగ్గర టిక్కెట్లు చింపింది.”

“ఇక్కడ జనమెవరున్నారు మామ్మగారూ?”

“నువ్వొచ్చావుగా.”

పక్కింటామె స్టూలు మంచం పక్కనే దించి, దాని కాళ్ళు కదలకుండా గట్టిగా పట్టుకుంది.

“కళ్ళు మూసుకోకు. చూసేవాళ్ళు లేకపోతే నాకు ఊపు రాదు.”

“మీ అబ్బాయి మళ్ళీ ఫోన్ చేస్తే ఏం చెప్పమంటారు?”

పైనుంచి జవాబొచ్చింది. “లైటు వెలుగుతోందని చెప్పు.”