బురద కాళ్లు

చింతామణి ఊళ్లో పశువుల ఆసుపత్రి వరండాలో ముసలి రైతు, అతని భార్య. మధ్యన బుట్టలో కిడ్నీలు పాడైన పిల్లి. బాధ లేకుండా ప్రాణం పోయే సూది వేయమంటారా అని డాక్టరు అడిగి వెళ్లాడు.

"సూది వద్దు. నిన్ను గీరతా ఉండేంతవరకూ దానికి ఆయుస్సు ఉండాది," అంది భార్య.

"పదేండ్లుగా పట్టుపురుగుల ఇంట్లో ఎలకల్ని ఇడిసిపెట్టి నన్నే గీరిందే!"

"కాళ్లు కడక్కుండా పురుగులకాడికి పోతే గీరదా? అదిగో, నీ చేతిమింద కొత్త గాటు! పా, ఇంటికి పోదాం."

"అది నేనే ముల్లుతో గీరుకొన్యా."

"ఎందుకు?"

"నీకు చూపిద్దామని. పొద్దున బురదకాళ్లతోనే పురుగుల ఇంట్లోకి పోయినా. అది గీరలే, నా పాదం మింద తల పెట్టి పండుకొనింది."

ఆమె పిల్లిని ఒళ్లోకి తీసుకుంది.

"ముందు పోయి ఆ బురదకాళ్లు కడుక్కోని రా. కడిగిన కాళ్లు చూసినాకే దాన్ని పోనీ."