సోఫా పక్క దీపం

ఫ్యాన్లూ గీజరూ ఫోన్‌తో నడిచే ఆ ఇంట్లో, దీపాలను కూడా అందులో కలపడానికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఎక్కడ పడిపోతాడోనని ఇంటావిడ నిచ్చెన వదలలేదు.

"ఈ 'సినిమా' బటన్ నొక్కితే చాలమ్మా, హాలంతా చీకటి."

"సోఫా పక్క దీపం మాత్రం ఆరకూడదు బాబూ."

"అదొక్కటీ వెలుగుతుంటే ఏం బాగుంటుందండీ?"

"బాగుండకపోతే మానె. మా అమ్మాయికి చెవులు వినబడవు, పెదాలు చూసి మాట పోల్చుకుంటుంది. అందరూ నవ్వుతుంటే ఎందుకో తెలియక చీకట్లో బిక్కమొహం వేసుక్కూర్చోవాలా?"

"సరేనమ్మా, ఆరకుండా పెడతాను."

"ఫోన్ పాడైతే?"

"గోడమీద మామూలు స్విచ్చి ఉంటుంది, భయపడకండి. వెలుతురు పాప వైపు తిప్పనా?"

"వద్దు, నా మొహం మీద పడాలి. ఎవరెందుకు నవ్వారో దానికి చెప్పేది నేనే కదా!"