చుట్టల కుండ

ఇడువు వదినా, నా కాళ్ళు ఇడువు! ఏందిది, వియ్యపురాలి కాళ్ళు మొక్కుతవా? దవాఖాన వరండాల గిందరు సూస్తుండ్రు. లే. ఈ గోడకు ఆనుకొని కూసో. పెద్దమందడి నుంచి ఎర్రటెండల వచ్చినవు, జర ఆయాసం తీర్చుకో.

నీ పొల్ల బాగనే ఉంది. ఇప్పుడే కన్నంటుకుంది. చేతికి మందు రాసి కట్టు కట్టిండ్రు. మచ్చలు పడ్తయన్నడు డాక్టరు. పడనీ. నాకు లేవా? ఇగో, ఈ మోచేతి కాడ సూడు. మూడు. నా కొడుకు బాలస్వామి కడుపుల ఉన్నప్పటియి.

తొవ్వ పొడుగున నీకు ఏం జెప్పిండ్రు? 'ఈదమ్మ కోడల్ని కాపాడనీకి మొగుణ్ణే సంపింది, అమ్మోరు పూనింది' అన్నరా? అందరు గదే అంటుండ్రు. పోలీసు సారు గూడ, 'భయపడకు, కోడలి కోసం చేసినవని రాస్త' అన్నడు. జీపు తెస్తనని పోయిండు. వచ్చేలోపట నీకో మాట జెప్పాలె. అడ్డం రాకు. మల్ల నాకు ధైర్యం చాలదు.

నా మొగుడు నాగప్ప ఎట్లాంటోడో పెండ్లిల నీకు తెల్వలే. పేరు పెట్టి అంటున్ననని సూడకు, సచ్చినోని పేరుకు ఇగ ఏం భయం? నవ్వుకుంట వక్కలు పంచిండు గద ఆ దినం. మా రాజోలిల బాయిలు తవ్వే గుంపుకు మేస్త్రి. ఇరవై మందిని కంటి సూపుతోని నిలవెట్టేటోడు. ఇంటికొస్తె చుట్ట. తిండి లేకున్న ఊకుంటడు గని, చుట్ట బాగలేకుంటె ఊకోడు.

ఎండకాలమొస్తె సంతకెళ్ళి కట్టలు కట్టలు తెచ్చి పడేసేటోడు, 'నెల దాక ఉండాలె' అని. రోహిణి కార్తెల రోళ్ళే పగుల్తయి, చుట్ట ఎంత? రెండు దినాలల్ల ఎండిపోయి పైఆకు చీల్తది. ముట్టిస్తె నిప్పురవ్వలు అంగి మీద రాల్తయి. ఆయన ముందుగాల చుట్టను చెవి కాడ పెట్టుకొని ఒత్తి సూసేటోడు. చప్పుడు రావొద్దు. 'పట్' అన్నదా, ఇగ నా వీపు సాపే!

పోనీ అని నీళ్ళు జల్లితె బూజు పట్టేది. దానికి ఇంక ఎక్కువ కొట్టేటోడు. ఒకపారి పన్ను ఊడింది. ఒకపారి బూజు పట్టిన చుట్ట నా నోట్ల కుక్కి నమలమన్నడు. నమిలిన. ఏం జేస్త?

ఇరవై రెండు ఎండకాలాలు వదినా! దెబ్బలు తిని తిని నేర్చుకున్న. ఏటి ఇసుక తెచ్చి చీకటి మూలకు పోసి, అండ్ల కుండను మెడ దాక పాతాలె. నీళ్ళు ఇసుక మీదనే పొయ్యాలె. పొద్దుగాల సగం చెంబు, పొద్దుమీకి సగం చెంబు. కుండల చుక్క పడొద్దు. లోపట పొడి గుడ్డ పరిచి, చుట్టల్ని ఆముదపాకుల మడిచి పెట్టాలె. దినాం ఒకపారి మూతి ఇప్పి గాలి తగలనియ్యాలె. గట్ల జేస్తె చుట్ట చెవి తమ్మె లెక్క మెత్తగుంటది.

పోయిన రెండేండ్లు చుట్టల పేరు మీద ఒక్క దెబ్బ తినలే నేను.

గిప్పుడు విను. మాఘమాసంల నీ బిడ్డ మా ఇంటికొచ్చింది. నెల తిరగకముందే బాలస్వామి డ్యాం పనికి పోయిండు. ఉగాది దాటినంక కుండ తెచ్చి అలివేలు చేతుల పెట్టిన. 'ఇగ మామ చుట్టలు నువ్వే సూసుకో' అన్న. 'ఎట్ల పెట్టాలె అత్తా?' అని అడిగింది పాపం, కొంగు నడుముకు చెక్కుకొని.

'తడిబట్ట చుట్టి కుండల వెయ్యి, దినాం నీళ్ళు జల్లు' అన్న.

గంతే. ఇసుక సంగతి జెప్పలే. ఆకు సంగతి జెప్పలే.

గట్ల సూడకు వదినా. నాకెవ్వరు జెప్పిండ్రు? మా అత్త జెప్పిందా? నేను పన్ను ఊడగొట్టుకొని నేర్చుకుంటి, ఈమె అడగంగనే జెప్పాల్నా అనిపించింది. అబద్ధమెందుకు, ఇంకోటి గూడ ఉంది. ఆయన చెయ్యి ఎవరి మీదనో ఒకరి మీద లేవకుంట ఉండదు. ఈ ఏడు నా మీద లేవకుంటె సాలనుకున్న.

మొదటిపారి చెంప మీద కొట్టిండు. నేను పప్పు చెరుగుకుంట కూసున్న. రెండోపారి జుట్టు పట్టి గుంజిండు. నేను బర్రెకు కుడితి పెట్టనీకి బయటికి పోయిన. 'యాడ తప్పు జేస్తున్న అత్తా?' అని ఏడ్సుకుంట అడిగితె, 'ఇంకిన్ని నీళ్ళు జల్లు' అన్న!

నిన్న పొద్దు నడినెత్తికొచ్చినంక బాయి కాడికెళ్ళి వచ్చిండు. కుండ ఇప్పిండు. తెల్లగ బూజు. బాగున్నది ఒకటి ఏరి ముట్టిచ్చుకున్నడు. రెండు గుక్కలు గుంజి, నిప్పు ఎర్రగైనంక, అలివేలు చెయ్యిని నేలకు నొక్కి మోకాలేసి ఆనిచ్చిండు. ఒక తాన గాదు, నాలుగు తాన్ల. పొల్ల కేకకు బర్రె తాడు తెంపుకుంది. ఆ నిప్పునే మల్ల కంటి కాడికి తెచ్చిండు.

నేను జొన్నలు దంచుతున్న. రోకలి చేతులనే ఉంది.

గప్పుడు నీ బిడ్డ ఆయన దిక్కు సూడలే. నా దిక్కు సూసింది. 'అత్తా, నువ్వు జెప్పినట్లే జేసిన గద! మామకు జెప్పు! నువ్వే గద...' అన్నది.

ఇంకో మాట అననియ్యలే. రోకలి లేపిన.

ఆయన నెత్తి మీద పడ్డది. రెండోది నేను కావాలనే ఏసిన. మూడోది గూడ. ఆ రెండు నాయి, ఇరవై రెండేండ్లయి. వాటికి జైలుకు పొమ్మంటె పోత, రంది లేదు. గద్వాల దవాఖానకు తెచ్చే తొవ్వలనే ఆయన పానం పోయింది, ఏడుపు రాలే.

గని ఆ మొదటి దెబ్బ... అలివేలు గూడ తన కోసమే అనుకుంటుంది, పిచ్చిది. తెల్లారిందాక నా కొంగు ఇడువలే.

ఆమె నోట్లకెళ్ళి ఆ మాట రావొద్దని లేపిన రోకలి వదినా అది. ఇద్దరి తలకాయలు జానెడు దూరంల ఉండె. లేపినప్పుడు ఎవరి మీద పడాలనుకున్ననో, నీ మీద ఒట్టు, నాకే తెల్వదు.